మాగబెట్టే గదిలో సముద్రం

రాఘవయ్య ఆ ఉదయం ఆగిరిపల్లి వెళ్దామనుకున్నాడు. అక్కడ ఒక మామిడితోట పిందె మీద ఉంది. యజమాని ఇంకెవరికీ మాట ఇవ్వకముందే వెళ్ళి, చెట్ల కింద ఓసారి తిరిగి, పెదవి విరిచి, బేరం ముగించుకుని భోజనాల వేళకు ఇంటికి చేరాలన్నది ఆయన ఆలోచన. నూజివీడులో మూడు తరాలుగా మామిడి వ్యాపారం చేస్తున్న ఇల్లు అది. కాయ బాగుంటే పెదవి విరవాలనీ, బాగుండకపోతే అసలు కారే దిగకూడదనీ ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా కూతురు సింధు వచ్చింది. చేతిలో ఫోను, ముఖంలో కంగారు.

"నాన్నా, మేత తెచ్చే వ్యాను డ్రైవరు హనుమాన్ జంక్షన్లోనే డబ్బా దింపేసి వెళ్ళిపోయాడంట. టీ కొట్టు దగ్గర పెట్టాడంట. నువ్వెళ్ళి తెచ్చిపెట్టవా?"

"నేనా?"

"నేను గది వదిలి ఎలా వస్తాను? సాయంత్రం ఆనంద్ బాబుగారు వస్తున్నారు కదా."

గది అంటే ఆ ఇంట్లో ఒకటే గది. పెరట్లో, కాయ మాగబెట్టే గది. గోడలకు మందపాటి పలకలు, పైన ఏసీ, చీమ కూడా అనుమతి అడిగి దూరాల్సినంత బిగుతైన తలుపు. సీజను మొదలయ్యేదాకా ఖాళీగానే ఉంటుంది కదా, వాడుకోమ్మా అన్నాడు రాఘవయ్య. ఫిషరీస్‌లో పీజీ చేసిన కూతురు ఆ గదిలోకి సముద్రాన్నే తెచ్చుకుంది. బందరు నుంచి ట్యాంకరులో ఉప్పునీళ్ళు, అద్దాల తొట్లు, ఆ తొట్లలో కటిల్ ఫిష్ పిల్లలు. పేరులో చేప ఉందే గానీ అది చేప కాదు. పెద్ద కళ్ళు, ముఖం నిండా చేతులు, గడియకో రంగు. తీరం మీది హేచరీలో కరెంటు నిలవక, ఎండకు తాళక పిల్లలు దక్కడం లేదని కంపెనీ వాళ్ళు చల్లటి గది కోసం వెతుకుతుంటే, "మా నాన్నకుంది" అని చెయ్యెత్తింది సింధు.

ఈ పిల్లలతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కదిలే మేతనే తింటాయి. ఎదురుగా పంచభక్ష్యాలు పరిచినా, కదలకపోతే వాటి లెక్కలో అది రాయి. బతికున్న చిట్టి రొయ్యలు ఎన్నాళ్ళని తెచ్చిపెట్టగలరు? చంటిపిల్లకు పాలు మాన్పించి అన్నం అలవాటు చేసినట్టు, వీటికి ఐసులో పెట్టిన చచ్చిన రొయ్యలు అలవాటు చెయ్యాలి. అందుకు సింధు బతికినవాటిలో చచ్చినవి కలిపి వేస్తోంది. బతికినదాన్ని తరిమే ఊపులో పక్కన పడున్న చచ్చినదాన్నీ పట్టేస్తాయి. రోజురోజుకూ బతికినవి తగ్గిస్తూ రావాలి. సాయంత్రం కంపెనీ తరఫున ఆనంద్ బాబు వచ్చి, చచ్చిన మేత తింటున్నాయని కళ్ళారా చూస్తే సింధు పని నిలుస్తుంది. లేకపోతే తొట్లూ పిల్లలూ బందరు వెళ్ళిపోతాయి, సింధు బ్యాంకు పరీక్షల కోచింగుకు విజయవాడ వెళ్తుంది.

ఆ రెండోది రాఘవయ్య కోరికే. ఆయన దాన్ని దాచుకోలేదు కూడా. పొద్దున కాఫీ తాగుతూ, "ఇవాళ్టితో నా గది నాకొచ్చేస్తుందన్నమాట" అని నవ్వాడు. సింధు నవ్వలేదు.

ఆయన వెనకాడటానికి ఇంకో కారణం ఉంది. కోడిగుడ్డు బొమ్మ ఉన్న బిస్కెట్టు పొట్లం కూడా గుమ్మం దాటని ఇల్లు అది. శ్రీరామనవమికి వర్తక సంఘం పెట్టే భోజనాలకు వంటల పెద్ద రాఘవయ్యే. అలాంటి మనిషి పట్టపగలు రొయ్యల డబ్బా మోసుకురావడమంటే మాటలా? ఇంతవరకూ ఆ డబ్బాలు వ్యానులో తిన్నగా పెరటి సందులోకి వచ్చేవి. భార్య శకుంతల పెట్టిన షరతు అది. గదికి సంబంధించిన ఏ వస్తువూ వీధి గుమ్మంలోంచి రాకూడదు.

"సరే తల్లీ" అన్నాడు చివరికి. ఆగిరిపల్లి ఒక మూల, హనుమాన్ జంక్షన్ ఇంకో మూల. తోట సాయంత్రానికి చూసుకోవచ్చులే అనుకుని కారు తీశాడు.

జంక్షన్లో టీ కొట్టు పక్కన వెడల్పు మూత తెల్ల డబ్బా ఉంది. మూతకు బ్యాటరీతో నడిచే గాలి పంపు బిగించి ఉంది. రాఘవయ్య అటూ ఇటూ చూసి, దాన్ని మామిడికాయల ట్రేలో పెట్టి, వెనక సీటు మీదికి చేర్చి, భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు. ఆ తువ్వాలు మామూలుది కాదు. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో తోటల బేరాలు దాని కిందే జరిగాయి. పదిమందిలో ధర పైకి అనకుండా, తువ్వాలు కింద చేతులు కలిపి, ఏ వేలు నొక్కితే ఎంత, ఏ కణుపు తాకితే ఎంత అని మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతి. రాఘవయ్య వేళ్ళతో మాట్లాడితే కాదన్నవాడు లేడని ప్రతీతి.

డోరు వేసి స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి పక్క సీట్లో మనిషి కూర్చుని ఉన్నాడు.

"దేవుడిలా వచ్చారండీ రాఘవయ్యగారూ! ఏలూరు నుంచి వస్తున్నా. మన ఊరి బస్సు ఎంతకీ రాదే!"

ఆయన సత్యనారాయణ, వర్తక సంఘం అధ్యక్షుడు. పచారీ కొట్టు యజమాని. సంఘంలో ఎవరింట ఏం వండారో పోపు వాసనను బట్టి చెప్పగల దిట్ట. ఇప్పుడు మాత్రం కుడిచెవిలో దూది కుక్కి ఉంది.

"చెవికేమైందండీ?" అన్నాడు రాఘవయ్య, మాట వెనక సీటు మీదికి పోకుండా ఉండాలని.

"పోటండీ. మావాడి పోరు పడలేక డాక్టరుకి చూపించా. ఏవో చుక్కలు రాశాడు. దేంతో చేస్తారో ఏమో, అలాంటివి నేను ముట్టుకుంటానా? మన కొట్లో సముద్రపు నురుగు ఉంది కదా, మా తాతగారి నాటి నుంచీ సీసాలో అమ్ముతున్నాం. అరగదీసి, నువ్వుల నూనెలో కాచి రెండు చుక్కలు వేసుకున్నా. అలలు కొట్టుకుని కొట్టుకుని నురుగు గడ్డకడుతుందండీ. శుద్ధమైన వస్తువు."

"అవునవును" అన్నాడు రాఘవయ్య. కారు కదిలింది. వెనక పంపు గుర్రుమంటోంది.

"ఏదో చప్పుడొస్తోందే?"

"ఏసీ అండీ. రిపేరు చేయించాలి."

ఆ మాటకు దేవుడికి నవ్వొచ్చిందేమో, నిజంగానే ఏసీ ఆగిపోయింది. కొంతదూరం పోయాక రోడ్డు మీద గొయ్యి తగిలి కారు ఎగిరిపడింది. డబ్బా మూత కాస్త లేచింది. ఒక రొయ్య ఎగిరి ముందు సీటు దాటి సత్యనారాయణ ఇస్త్రీ పంచె మీద పడి గిలగిలలాడింది.

"ఇదేంటండీ!"

"మిడతండీ" అన్నాడు రాఘవయ్య. దాన్ని తీసి కిటికీలోంచి విసిరేయబోయి, ప్రాణం ఉన్నది కదా అని మనసొప్పక, మెల్లగా వెనక్కి వంగి తువ్వాలు కిందికి తోశాడు.

"మిడతకి అన్ని మీసాలేంటండీ?"

రాఘవయ్య జవాబు వెతుక్కునేలోగా కారు స్పీకర్లో శకుంతల గొంతు ఖంగుమంది. ఫోను తనంతట తనే కారుకు కలిసిపోయే రకం.

"ఏవండీ, ఎక్కడున్నారు? వచ్చేటప్పుడు అల్లం, పుదీనా, కొత్తిమీర కట్టలు పట్టుకురండి. పిల్లలు నిన్న రాత్రి నుంచీ పస్తున్నాయంట, అమ్మాయి ఏడుపొక్కటే తక్కువ. ఆ డబ్బా మాత్రం వీధి గుమ్మంలోంచి తేకండి. నలుగురూ చూస్తే బాగోదు, పెరటి సందులోంచి పట్టుకెళ్ళండి. వింటున్నారా?"

"వింటున్నా" అన్నాడు రాఘవయ్య నీరసంగా. పుదీనా పులావులోకని, పిల్లలంటే తొట్లోవని, పక్కనున్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. మొదలుపెడితే గది తలుపు దాకా చెప్పాలి. అందుకని చూపు రోడ్డు మీదే నిలిపాడు. సత్యనారాయణ కిటికీలోంచి తోటలకేసి చూస్తూ కూర్చున్నాడు. సత్యనారాయణ ఏమీ అడగలేదంటే విషయం చాలా దూరం వెళ్ళిందని అర్థం.

అంతలో వెనక గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. రాఘవయ్య కారు ఆపి తువ్వాలు తీసి చూశాడు. ఎండకు నీళ్ళు వెచ్చబడ్డాయి. రొయ్యలు పైకి వచ్చి ఆయాసపడుతున్నట్టు అనిపించింది. దోమను కూడా చంపకుండా ఊది వెళ్ళగొట్టే మనిషి ఆయన. పక్కనే కూల్‌డ్రింకు షాపు ఉంది. వేసవిలో కాయల గంపల మీద నీళ్ళు చిలకరించడం తెలిసిన చెయ్యి అది. అయినా బోరు నీళ్ళు పోస్తే పాపమని, చల్లటి మినరల్ వాటర్ కేను కొని, డబ్బాలో సగం నీళ్ళు వంచేసి, కేనంతా ధారగా పోశాడు.

"తాగండమ్మా, తాగండి" అన్నాడు కూడా.

సత్యనారాయణ సీట్లోంచి మెడ తిప్పి ఇదంతా చూశాడు. వండబోయే ముందు మినరల్ వాటరుతో కడుగుతున్నాడనుకున్నాడు. ఊరి మొదట్లోనే దిగిపోతూ, "సాయంత్రం మీ ఇంటికొస్తానండీ" అన్నాడు. ఎప్పుడూ లేనంత మర్యాదగా అన్నాడు.

పెరట్లో సింధు డబ్బా మూత తీసింది. అడుగున తెల్లగా, కదలకుండా మేట వేసుకుని ఉన్నాయి. ఒక్కటీ బతికి లేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసింది.

"ఇందులో ఏం పోశావు నాన్నా?"

"ఎండకి ఆయాసపడుతున్నాయమ్మా. మినరల్ వాటర్ పోశాను. చల్లటివే."

"అవి ఉప్పునీళ్ళలో బతికేవి నాన్నా. మంచినీళ్ళు పోస్తే చచ్చిపోతాయి."

"నాకేం తెలుసమ్మా?"

సింధు అరవలేదు. అరిచినా బాగుండేది. డబ్బా మూత తిరిగి పెట్టి, తండ్రి ముఖం చూడకుండా, "గది కావాలంటే అడగాల్సింది నాన్నా. ఇచ్చేసేదాన్ని" అని లోపలికి వెళ్ళిపోయింది.

రాఘవయ్య పెరట్లో అలాగే నిలబడ్డాడు. జాలిపడి ఇన్ని ప్రాణాలు తీశానే అన్న బాధ ఒకటి. కావాలని చేశానని కన్నకూతురు అనుకుంటోందే అన్న బాధ ఇంకొకటి. వాటన్నిటికన్నా లోపల ఎక్కడో గుచ్చుకున్నది వేరే ఉంది. పిల్లలు తినకపోతే బాగుండునని పొద్దున కాఫీ తాగుతూ అనుకున్నమాట నిజం. చెయ్యి చెయ్యని పనిని మనసు ముందే చేసి పెట్టుకుంది. మరి కాదని గట్టిగా ఎలా అంటాడు?

గది వాకిట్లోకి వెళ్ళి తొంగి చూశాడు. తొట్లు వచ్చాక ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు. మసక వెలుతురు. సింధు ఒక చచ్చిన రొయ్యను పట్టకారుతో పట్టుకుని తొట్లో ఆడిస్తోంది. బొటనవేలి గోరంత పిల్లలు. పట్టకారు చూడగానే ఇసుక రంగులోకి మారి, మూలకు పోయి, చేతులన్నీ ముడుచుకుని కూర్చున్నాయి. గరిటెతో నీళ్ళు తిప్పింది. నీళ్ళు తిరిగాయి, రొయ్య తిరిగింది, పిల్లలు మాత్రం తిరిగి చూడలేదు. ఇంకాసేపు పోతే ఆకలికి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయట. నెలరోజులుగా నిద్ర చాలక సింధు కళ్ళ కింద నల్లచారలు పడ్డాయి. రాఘవయ్య అవి ఇప్పుడే చూశాడు.

శకుంతల పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గడపకు ఇవతలే నిలబడి చూస్తోంది. అన్నం తినని పిల్లను చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"గరిట పెట్టి కెలికితే ఏ పిల్ల తింటుందే? నువ్వు తిన్నావా చిన్నప్పుడు? ఊరంతా తిప్పినా నోరు తెరిచేదానివి కాదు. మీ నాన్న వచ్చి, తువ్వాలు కింద ముద్ద దాచి, వేళ్ళతో దాన్ని నడిపించుకుంటూ తెస్తే అప్పుడు గబుక్కున తినేదానివి."

రాఘవయ్య చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"శకుంతలా, పూలు కట్టే దారం ఉందా?"

ఆవిడ దారపుండ తెచ్చి, గడప ఇవతలి నుంచే విసిరింది. రాఘవయ్య డబ్బాలో చెయ్యి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక చచ్చిన ప్రాణిని చేత్తో ముట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని, రామ రామ అనుకుని, దారం చివర రొయ్యను కట్టి, తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి కనపడితే పిల్లలు బెదురుతున్నాయని సింధు చెప్పడంతో తువ్వాలు తీసి ముంజేతి మీద కప్పుకున్నాడు.

అప్పుడిక వేళ్ళకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తువ్వాలు కింద అవి వాటి భాష అవి మాట్లాడాయి. చిటికెన వేలు కాస్త వణికింది. నడిమి వేలు ఆగింది. దారం ఆశ పెట్టి, వెనక్కి తగ్గి, నాకేం అవసరం లేదన్నట్టు పక్కకు తిరిగి, మళ్ళీ కొంచెం దగ్గరికి వచ్చింది. నీళ్ళలో చచ్చిన రొయ్య అచ్చం బతికున్నదానిలాగే బెట్టు చేసింది. మూలనున్న పిల్ల ఒకటి ఇసుక రంగు వదిలి చారలు తెచ్చుకుంది. మెల్లగా ముందుకు జరిగింది.

"తొందరపడకు నాన్నా" అంది సింధు గుసగుసగా.

"బేరంలో తొందరపడేవాణ్ణా?" అన్నాడు ఆయన అంతకన్నా మెల్లగా.

పిల్ల ముఖంలోంచి రెండు సన్నటి చేతులు బాణాల్లా వచ్చి రొయ్యను పట్టేశాయి. దారం చిన్నగా గుంజుకుంది. అవతలి మనిషి సరేనని వేలు నొక్కినప్పుడు కలిగే స్పర్శే అది. రాఘవయ్యకు ఎందుకో కళ్ళు చెమర్చాయి.

"కుదిరింది" అన్నాడు.

ఆ తర్వాత భోజనం మాటే ఎత్తలేదు. సింధు దారాలు కట్టి ఇవ్వడం, ఆయన ఆడించడం. పులావు చల్లారిపోయిందని శకుంతల గడప దగ్గర నుంచి సణుగుతూనే, "ఆ చివర్న చిన్నదుంది, దానికి పెట్టలేదండీ" అని చూపిస్తోంది. ఒక్కొక్క పిల్లను పేరు పెట్టి పిలవడమొక్కటే తక్కువ.

సాయంత్రం సత్యనారాయణ రానే వచ్చాడు. ఒంటరిగా రాలేదు, సాక్ష్యానికి సంఘం కోశాధికారి వెంకటరత్నాన్ని వెంటబెట్టుకొచ్చాడు. వీధి గుమ్మంలోంచి కూడా రాలేదు. పొద్దున కారులో దారి విన్నాడు కదా, పెరటి సందులోంచే వచ్చాడు. గది తలుపు ఓరగా ఉంది. లోపల మసకచీకటి. రాఘవయ్య మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో రొయ్య పట్టుకుని, "తినమ్మా, నా తల్లి కదూ, ఇదొక్కటీ తినెయ్, అయిపోయింది" అంటున్నాడు.

సత్యనారాయణ గుండె ఆగినంత పనయింది. తను తినడమే కాకుండా ఇంటిల్లిపాదికీ తినిపిస్తున్నాడా!

"రాఘవయ్యగారూ!" అని కేకేసి, గోడ మీది స్విచ్చులన్నీ ఒక్కసారి వేసేశాడు.

గది భళ్ళున వెలిగింది. తొట్లో పిల్లలన్నీ ఒక్కసారి బెదిరి సిరా చిమ్మాయి. క్షణంలో నీళ్ళు నల్లబడిపోయాయి. పిల్ల లేదు, రొయ్య లేదు, దారం లేదు. సింధు రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"చేతిలో ఏంటండీ అది?" అన్నాడు సత్యనారాయణ.

రాఘవయ్యకు మిడత గుర్తొచ్చింది. ఏసీ గుర్తొచ్చింది. ఇంకా ఒకటి రెండు అబద్ధాలు నాలిక చివరిదాకా వచ్చాయి. నవమి భోజనాలు, సంఘం, తన పేరు అన్నీ ఆ కొసనే వేలాడుతున్నాయి. ఆయన కూతురికేసి చూశాడు.

"రొయ్యండీ. పొద్దున మీ పంచె మీద పడ్డదీ రొయ్యే. మిడతని అబద్ధం చెప్పాను. మా అమ్మాయి పెంచుతున్న పిల్లలకి నా చేత్తో నేనే పెడుతున్నాను. మీరు లైటు వేసి వాటిని బెదరగొట్టారు. సంఘంలో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి గానీ, ముందు ఆ లైటు ఆపండి."

వెంకటరత్నం గబగబా లైటు ఆపేశాడు. సింధు తండ్రి పక్కకు వచ్చి నిలబడింది.

"నాన్నా, పొద్దున నేనన్న మాట..."

"ఏ మాట?" అన్నాడు రాఘవయ్య.

సరిగ్గా అప్పుడే ఆనంద్ బాబు వచ్చాడు. బ్యాగు భుజాన వేసుకుని, చీకట్లో నిలబడ్డ పెద్దమనుషుల్నీ నల్లటి తొట్టినీ చూసి, అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నా ఒక్కటే అడిగాడు.

"నీళ్ళు మార్చడానికి మనుషులున్నారా?"

"ఉన్నారండీ" అంది సింధు. సత్యనారాయణ చేతికి ఒక బకెట్టు, వెంకటరత్నం చేతికి ఒక బకెట్టు ఇచ్చింది. తప్పు చేసినట్టు అప్పటికే సగం అర్థమైన పెద్దమనుషులు కాదనలేక, పంచెలు ఎగ్గట్టి నల్లనీళ్ళు తోడి పోశారు. కొత్త ఉప్పునీళ్ళు నిండి, పిల్లలు మళ్ళీ కనిపించాయి. సత్యనారాయణ అద్దానికి ముఖం ఆనించి చూశాడు. ఒక పిల్ల ఆయన్ని చూసి రంగు మార్చింది.

"అసలివేం జంతువులండీ?" అన్నాడు. గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"కటిల్ ఫిష్ అండీ. మీరు చూసే ఉంటారు, పెద్దదైతే దాని వీపులో ఇది ఉంటుంది" అంటూ ఆనంద్ బాబు బ్యాగులోంచి తెల్లటి, తేలికైన, ఆకు ఆకారంలో ఉన్న ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. "దీని ఎముకన్నమాట. చచ్చాక ఒడ్డుకి కొట్టుకొస్తుంది. పచారీ కొట్లలో కూడా అమ్ముతారు. ఏదో పేరుంది..."

ఆ పేరు సత్యనారాయణకు తెలుసు. తాత కాలం నుంచీ తెలుసు. ఆయన ఎముక వంక చూశాడు, తొట్టి వంక చూశాడు. చెయ్యి దానంతట అదే కుడిచెవి దగ్గరికి వెళ్ళింది. దూది తీసి చూసుకుని, ఎక్కడ పారెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

వెంకటరత్నం నోరు తెరవబోయాడు. సత్యనారాయణ చూసిన చూపుకు మూసుకున్నాడు.

ఇక పరీక్ష మిగిలింది. రాఘవయ్య తువ్వాలు కప్పుకుని దారం ఆడించాడు. బెదిరిన పిల్లలు చాలాసేపు కదల్లేదు. చివరికి ఒకటి వచ్చి పట్టింది. దాని వెనక ఇంకొకటి.

"బాగుందండీ" అన్నాడు ఆనంద్ బాబు. "కానీ రేపు వేల పిల్లలుంటే వేల దారాలు కడతారా? ఉత్తినే వెయ్యండి."

దారం లేకుండా వేశారు. రొయ్య మెల్లగా దిగి ఇసుక మీద పడింది. పిల్లలు దాన్ని చూశాయి. అది కదల్లేదు, అవీ కదల్లేదు. ఆనంద్ బాబు గడియారం చూసుకున్నాడు. సింధు కళ్ళు నేలకు దించేసింది.

రాఘవయ్య తువ్వాలు తీసేశాడు. ఖాళీ చేతిని అద్దానికి ఆనించి, రొయ్య పడిన చోట రెండు వేళ్ళు మెల్లగా నడిపించాడు. మధ్యాహ్నం నుంచీ అన్నం ఎక్కడి నుంచి వస్తోందో పిల్లలకు అప్పటికి తెలిసిపోయినట్టుంది. మూలల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చి ఆ వేళ్ళ వెంట నడిచాయి. ముందున్న పిల్ల వేళ్ళ దాకా వచ్చి, ఆగి, కింద కదలకుండా పడున్న రొయ్యను చూసి, చేతులు చాచి తీసుకుంది.

"తింది!" అని అరిచింది శకుంతల. ఆ ఊపులో గడప దాటి లోపలికి వచ్చేసింది కూడా. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. మిగతావాళ్ళు గమనించినా ఎవరూ అనలేదు.

ఆనంద్ బాబు అలాగే చాలాసేపు చూశాడు. ఒకటొకటిగా అన్నీ తిన్నాయి.

"చచ్చిన మేతకి అలవాటు పడ్డాయి సింధుగారూ, ఇంక సందేహం లేదు. తర్వాతి బ్యాచి కూడా మీకే పంపిస్తాం. కాకపోతే కొన్నాళ్ళపాటు సార్ రెండు పూటలా ఇక్కడ ఉండాలి. బతికిన రొయ్యలు మాన్పించారు గానీ, ఇప్పుడు వీటికి సార్‌ని మాన్పించాలి."

"మెల్లగా మాన్పిస్తాలెండి" అంది సింధు. తండ్రి తడిచేతిని పట్టుకుంది. "తొందరేం లేదు."

రాఘవయ్య తొట్టి వంక చూశాడు. ఒక పిల్ల ఇంకా ఆయన వేలి దగ్గరే అద్దానికి అంటుకుని ఉంది. ఆగిరిపల్లి తోట ఈపాటికి ఎవరికో పోయే ఉంటుంది. పోతే పోయింది. ఇంతకీ వచ్చే కాయను మాగబెట్టడానికి గది ఏదీ?

ఆ మాట పైకి అనకముందే సత్యనారాయణ దగ్గరికి జరిగాడు.

"రాఘవయ్యగారూ, మా గోడౌను ఒకటి ఖాళీగా ఉంది. ఈ సీజను కాయంతా అక్కడే మాగబెట్టుకోండి. నవమికి వంటలు కూడా ఎప్పట్లాగే మీరే చూడాలి. సంఘంలో మాత్రం ఆ... ఎముక సంగతి..."

"ఏ ఎముక?" అన్నాడు రాఘవయ్య. తువ్వాలు పరిచి చెయ్యి చాచాడు. సత్యనారాయణ తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు. ఏ వేలు నొక్కారో ఏ కణుపు తాకారో ఎవరికీ తెలియదు గానీ, ఇద్దరి ముఖాలూ తేటపడ్డాయి.

మర్నాడు సత్యనారాయణ కొట్లో సముద్రపు నురుగు సీసా కనిపించలేదు. ఆయన చెవిలో దూది కూడా కనిపించలేదు. పోటు ఆ నురుగుతోనే తగ్గిందట.